ఖాజాగూడ గుట్టపై తొలి చిత్రం

సెక్రటేరియట్ గుమాస్తా కామేశ్వరరావు, బావమరిది సింగపూర్ నుంచి తెచ్చిన సినిమా కెమెరాతో ఆదివారం ఖాజాగూడ గుట్టలకు వచ్చాడు. తన తొలి యాత్రాచిత్రం చూపిస్తానని కాలనీ అంతటికీ అప్పటికే మాటిచ్చేశాడు.

రీలు మూడున్నర నిమిషాలే. అందుకని తీయకముందే భార్య నాగేశ్వరిని మూడుసార్లు గుట్ట ఎక్కించి దింపాడు.

"సహజంగా నడవవేం? మళ్లీ దిగు."

"కాళ్లు పీకుతున్నాయండీ."

"కళంటే ఊరికే వస్తుందా?"

నాలుగోసారి, పైన మేకలు కాస్తున్న ముసలామె నాగేశ్వరికి చెయ్యందించి, చెవిలో ఏదో చెప్పింది. నాగేశ్వరి పకపకా నవ్వింది. కొంగు ఎగిరిపోతున్నా పట్టించుకోకుండా బండ మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, మొదటిసారిగా గుట్ట అవతలి చెరువు వంక చూసింది.

"అదీ! అదీ సహజమంటే!" కింద కామేశ్వరరావు కెమెరా పైన విడిగా ఉన్న చూసే కంతకు కన్ను ఆనించి పరవశించిపోయాడు. రీలు అయిపోయేదాకా మీట వదల్లేదు.

ముసలామెకు మనసు ఒప్పలేదు.

"అమ్మా, జర సారుకు చెప్పరాదు? ఆ డబ్బకు ముంగటి మూత గట్లనే ఉన్నది. బొమ్మ ఎట్ల పడ్తది?"

"ఊరుకో అమ్మా," అంది నాగేశ్వరి చెరువు మీంచి చూపు తిప్పకుండానే. "చెబితే ఐదోసారి ఎక్కిస్తారు."