లెక్కకు రాని ఫ్యాన్లు

కరెంటు కంపెనీ కొలతలమ్మాయి ఫ్యాక్టరీ బయటికి వచ్చేసరికి ఆమె స్కూటర్ రెండు చక్రాల్లోనూ గాలి లేదు.

ఇస్త్రీ హాలు మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లు నవ్వాపుకుంటున్నారు.

“ఎవరు తీశారు?” అని అడిగింది.

“ఎవరో ఎందుకు తీస్తారమ్మా? ఎండకు పోయుంటుంది,” అంది పెద్దక్క. “ఆ రోజు మా ప్రాణాలు పోలేదూ, అలాగే!”

అందరూ గొల్లుమన్నారు.

బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ హాలుకు పెద్దక్కే పెద్ద దిక్కు. ఆ నోటికి మేనేజర్ కూడా జడుస్తాడని పేరు. ఇవాళ మాత్రం ఆ నోటిని ఎగదోసింది మేనేజరే.

ఎండలు ముదిరి ఊరికి కరెంటు చాలని రోజున కరెంటు కంపెనీ ఫ్యాక్టరీలకు కబురు పెడుతుంది. అప్పటికప్పుడు వాడకం తగ్గించినవాళ్లకు డబ్బు ఇస్తుంది. ఎంత తగ్గించారో మామూలు రోజులతో పోల్చి తేల్చడం ఈ అమ్మాయి పని.

పోయిన వారం కబురు వచ్చింది.

మేనేజర్ కుట్టుమిషన్లలో ఒక్కటీ ఆపలేదు. ఇస్త్రీ హాలు ఫ్యాన్లూ, ఆవిరిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లూ కట్టేయించాడు.

“కాస్త ఓర్చుకోండి. వచ్చేదాంట్లో మీకూ బోనస్ ఉంది,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆడవాళ్లు ఆవిరిలో ఉడికిపోయారు. బోనస్ తలుచుకుని పళ్లు బిగపట్టారు.

తీరా ఇవాళ పొద్దున ఈ పిల్ల వచ్చి, ఆ ఫ్యాన్లు లెక్కకు రావంది.

“వాడకం తగ్గిందా, లేదా?” అని మేనేజర్ హాలు మధ్యలో నిలదీశాడు.

“తగ్గింది.”

“మరింకేం?”

“మిషన్లు ఆపుతామని ఒప్పుకున్నారు. మనుషులకు గాలి ఆపారు. ఫ్యాన్లు పక్కన పెడితే మీరు తగ్గించిందేమీ లేదు.”

మేనేజర్ ఆడవాళ్ల వైపు తిరిగి చేతులు చాపాడు. “విన్నారుగా? మీ బోనస్‌కు అడ్డం ఎవరో మీరే చూసుకోండి.”

పెద్దక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ముందుకొచ్చింది.

“ఉడికినవాళ్లం మేము. మధ్యలో నీకెందుకమ్మా దురద? చల్లటి గదిలో కూర్చునేదానికి మా బాధేం తెలుస్తుంది?”

అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగింది.

“ఈసారి ఫ్యాన్లకు డబ్బొస్తే, ఇకమీదట ముందు ఆగేవి ఫ్యాన్లే అక్కా,” అంది మెల్లగా.

“అక్కా గిక్కా అనకు! నా చెల్లెలైతే నా నోటికాడ కూడు లాక్కోదు.”

అమ్మాయి తాగడానికి నీళ్లు అడిగితే ఎండిపోయిన కుళాయి చూపించారు.

ఇప్పుడు గాలి లేని స్కూటర్‌ను ఎండలో తోసుకుంటూ గేటు దాటుతుంటే ఒక్కరూ చెయ్యి వేయలేదు. వీపు కనుమరుగయ్యేదాకా చూసి, పెద్దక్క తృప్తిగా చెమట తుడుచుకుంది.

అంతటితో పోనిస్తే బాగుండేది.

మర్నాడు మేనేజర్ పెద్దక్కను వ్యాన్‌లో కరెంటు ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఏం చెప్పాలో దారిలోనే నూరిపోశాడు.

“లంచం అడిగింది సార్. ఇవ్వలేదని పగబట్టి లెక్కలోంచి ఫ్యాన్లు తీసేసింది,” అంది పెద్దక్క, పెద్ద ఆఫీసరు ముందు నిలబడి.

కొలతలమ్మాయి అక్కడే ఉంది.

“నా మొహం చూసి చెప్పక్కా. అడిగానా?”

పెద్దక్క చూపు పక్కకు తిప్పుకుంది. వెనక మేనేజర్ దగ్గాడు.

“అడిగావు!”

ఆ అమ్మాయి తన లెక్కల కాగితాలు ఆఫీసరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా ఉద్యోగం పోయిందని తెలిసింది.

ఆ స్థానంలో వచ్చినవాడు హాలు గడప తొక్కలేదు. మేనేజర్ గదిలో కూల్‌డ్రింకు తాగి సంతకం పెట్టిపోయాడు.

బోనస్ వచ్చింది. దాంతో ఇంటికో చీర రావడమే గగనమైంది.

తరువాత మళ్లీ కబురు వచ్చింది. ముందుగా ఆగినవి ఇస్త్రీ హాలు ఫ్యాన్లే.

పై వారం మళ్లీ.

“ఇదేం అన్యాయం సార్? మిషన్లు ఆపొచ్చుగా!” అని పెద్దక్క గొడవకు దిగింది.

మేనేజర్ నవ్వాడు. “ఫ్యాన్లు లెక్కలోకి ఎక్కించింది నువ్వేగా పెద్దక్కా. ఇప్పుడు దింపమంటే ఎలా?”

పెద్దక్క వెనక్కి తిరిగి మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకుంది.

ఆ మధ్యాహ్నమే పక్క టేబుల్ దగ్గర పనిచేసే కొత్త పెళ్లికూతురు కళ్లు తేలేసి కూలిపోయింది.

పెద్దక్క ఆమెను చేతుల మీద గేటు దాకా మోసుకొచ్చింది. ముసలి వాచ్‌మన్ పరుగున బకెట్టు తెచ్చి మొహం మీద నీళ్లు చల్లాడు. కాసేపటికి ఆ పిల్ల కళ్లు తెరిచింది.

“బతికించావు తాతా,” అంది పెద్దక్క, రొప్పుతూ.

“నాకిది కొత్త కాదులే. వెనక ఒకసారి ఇలాగే ఫ్యాన్లు ఆపితే ఇంకో పిల్ల పడిపోయింది. నువ్వప్పటికి పనిలో చేరలేదు. ఇది నేల మీద పడింది, నయం. అది కాలుతున్న ఇస్త్రీ పెట్టె మీదే పడింది.”

“అయ్యో! ఆ తరవాత?”

“చెయ్యి భుజం దాకా కాలింది. పని మానేసి చదువుకోబోయింది. ఈ పాపిష్టి ఫ్యాక్టరీ వైపు ఇక కన్నెత్తి చూడదనుకున్నా. మొన్నామధ్య వచ్చి, నన్ను గుర్తుపట్టి పలకరించింది. ‘నా సంగతి ఎవరికీ చెప్పకు తాతా, పాత పగ తీర్చుకుంటోందంటారు,’ అంది. అందుకే నోరు మూసుకున్నా.”

“మొన్నామధ్య వచ్చిందా? ఎవరది?”

వాచ్‌మన్ ఖాళీ బకెట్టు బోర్లించి, పెద్దక్క మొహంలోకి చూడకుండా చెప్పాడు.

“నువ్వు కరెంటాఫీసుకు వెళ్లి ఉద్యోగం తీయించిన పిల్లే.”