స్ప్రింగుకి ఎదురుగా ఉండకండి

మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. ఈ వారంలో ఇదే మొదటిది. ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని, గొంతు సవరించుకుని, రెండో మోతకే అందుకుంది.

“చెప్పండి.”

“మేడమ్, స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్లు కొన్నాను. డబ్బా మీద నంబరు చూసి ఫోన్ చేస్తున్నా.” అవతల ఒక మగ గొంతు. “ట్రక్కుని మూడంగుళాలు పైకి లేపుదామని షాకబ్జార్బరూ స్ప్రింగూ కలిపి కిందికి దించాను. బిగిస్తుంటే స్ప్రింగు అరటిపండులా వంగిపోయింది. ఒక కొక్కెం టంగుమని జారింది.”

ఆవిడ నిటారుగా కూర్చుంది.

“పైన మధ్యలో ఉన్న నట్టు విప్పేశారా?”

“విప్పబోతున్నా. పానా దాని మీదే ఉంది.”

“తీసేయండి. ఆ నట్టు ఉండబట్టే మీరింకా నాతో మాట్లాడుతున్నారు.”

అవతల పానా నేల మీద పెట్టిన చప్పుడు.

“ఇప్పుడు పక్కకి జరగండి. స్ప్రింగు కొసలకి ఎదురుగా మీ మొహం గానీ పొట్ట గానీ ఉండకూడదు. జారిన కొక్కేన్ని ముట్టుకోకండి. దగ్గర ఎవరైనా ఉన్నారా?”

“ఎవరూ లేరు మేడమ్. నేనొక్కణ్ణే.”

“నేనున్నాను కదా,” అంది ఆవిడ.

ఆవిడ ఎదురుగా గోడ మీద స్ప్రింగు బొమ్మ అంటించి ఉంది. బల్ల మీద ఒక జత కంప్రెసర్లు, అట్ట ఊడిన సూచనల పుస్తకం. భర్త చనిపోయిన ఏడాదే ఆవిడ ఈ విద్యలో దిగింది. రెండు వేసవులు వీధి చివరి వర్క్‌షాపులో ముక్కాలిపీట వేసుక్కూర్చుంది. యాభై రెండేళ్ళావిడ స్ప్రింగులు నేర్చుకుంటానంటే మేస్త్రీ మొదట పకపకా నవ్వాడు. ఆర్నెల్లు తిరిగేసరికి, “ఈవిడ చాదస్తం ముందు నాదెంత!” అని తల పట్టుకున్నాడు.

“దేంతో బిగించారు?”

“ఎయిర్ గన్‌తో.”

“అవతల పెట్టేయండి. చేతి పానా తీసుకోండి. కంప్రెసర్లు రెండూ ఎదురెదురుగా ఉన్నాయా?”

అతను నసిగాడు. “పక్కపక్కన పెట్టాను.”

“అదీ సంగతి! ఎక్కువ బిగిసినదాన్ని ముందు అర చుట్టు వదులు చేయండి. ఆగండి. ఇప్పుడు రెండోది అర చుట్టు. ఎవరు తరుముతున్నారు మిమ్మల్ని? నెమ్మది.”

మరలు కిర్రుమనడం ఫోన్లో వినిపిస్తూనే ఉంది. ప్రతి కిర్రుకీ ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఇరవై నిమిషాలకి అతను గట్టిగా నిట్టూర్చాడు.

“వదులయ్యాయి మేడమ్. ఊడొచ్చాయి.”

“మంచినీళ్ళు తాగి రండి. మళ్ళీ మొదలుపెడదాం. నేను ఫోన్ పెట్టేయనులెండి.”

ఈసారి ఎదురెదురుగా తగిలించాడు. కొక్కేలు స్ప్రింగుని పూర్తిగా పట్టుకున్నాయో లేదో మూడుసార్లు సరిచూసుకోమంది. ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. మధ్యలో అడిగింది:

“అసలు ట్రక్కు ఎందుకు లేపుతున్నారు?”

“కొండ మీదికి తేనెపెట్టెలు మోయాలి. అడుగున రాళ్ళు తగులుతున్నాయి.”

“తేనెటీగల దగ్గర లేని తొందర దీని దగ్గరెందుకయ్యా?”

అతను మొదటిసారి నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు ఖాళీ గదిలో తనకే కొత్తగా వినిపించింది.

స్ప్రింగు కూర్చునే చోట వదులై చేత్తో తిప్పితే తిరిగేదాకా పై నట్టు ముట్టనివ్వలేదు. ఎత్తు పెంచే దిమ్మె వేయించింది. నట్టు బిగించాకే కంప్రెసర్లు వదిలించింది, అదీ అర చుట్టు చొప్పునే. రెండో వైపూ అలాగే. అయిదున్నరకి పని పూర్తయింది.

“మేడమ్, మీరు లేకపోతే ఈపాటికి నా తల ఉండేది కాదు. పేరు చెప్పండి. మీ కంపెనీకి ఉత్తరం రాస్తాను, మీకు మంచి పేరొస్తుంది.”

“వద్దు బాబూ, వద్దు!” ఆవిడ కంగారు పడిపోయింది. “ఉత్తరాలవీ రాయకండి. ఏ సందేహమొచ్చినా ఇదే నంబరుకి చేయండి, చాలు. ఎప్పుడైనా సరే. ఆదివారమైనా.”

“ఆదివారాలు కూడా ఉంటారా?”

“ఉంటాను.”

అతను పెట్టేశాడు. ఆవిడ రిసీవరు కాసేపు చెవి దగ్గరే ఉంచుకుని, తర్వాత నెమ్మదిగా దించింది. పుస్తకం మూసి, అట్ట సరిచేసింది. ఫ్రిజ్ గుర్రుమనే చప్పుడు మళ్ళీ ఇల్లంతా నిండింది.

మిగతా అంకెలన్నీ ఒకటే గానీ, డబ్బా మీద అచ్చయిన కంపెనీ నంబరు చివర ఉన్నది ఆరు, ఆవిడ ఇంటి ఫోన్ నంబరు చివర ఉన్నది తొమ్మిది.