రేడియో తగ్గించు

"నాకంటే ముందు ఇంకొకరా!"

చెవికి ఫోను ఆనించుకుని రేడియో ముందు కూర్చున్న వెండెల్ పళ్లు కొరికాడు. ప్రతి వేసవిలో బాస్కెట్‌బాల్ జట్టులో ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపేయాలో అనే రేడియో చర్చకు పదకొండేళ్లుగా మొదటి ఫోను అతనిదే. ఇవాళ ఫోన్లో ఆ చర్చే వింటూ నలభై నిమిషాలు లైన్లో ఆగినా వంతు రాలేదు. ఎవరో కొత్తావిడకు ఇచ్చేశారు.

"ముసలి డార్నెల్‌ను పంపేయొద్దు బాబూ," అంటోంది ఆవిడ, గొంతు బాగా తగ్గించి. "వాడు బంతి అందిస్తేనే కుర్రాళ్లు ఆడేది."

"భలే చెప్పారమ్మా!" అన్నాడు యాంకర్.

వెండెల్‌కు ఒళ్లు మండింది. సరిగ్గా తను చెప్పాలనుకున్న మాటే అది!

"అమ్మా, మీ ఇంట్లో రేడియో మోగుతోంది. కాస్త తగ్గించండి."

"అది మా ఆయనది, ఉండండి. వెండెల్! ఆ రేడియో తగ్గించు!"

భార్య లొరీన్ కేక ఒక చెవికి ఫోన్లోంచీ, రెండో చెవికి వంటింట్లోంచీ వినిపించింది.

"ఈ సంగతి ఆయనకే చెప్పకపోయారా?" నవ్వాడు యాంకర్.

"పదకొండేళ్లుగా మీతో చెప్పే కబుర్లలో నాతో ఒక్కటీ చెప్పడు బాబూ. అందుకే, ఆయన వినే చోటుకొచ్చి మాట్లాడుతున్నా."