మామగారి చెవిమిషన్

“ప్రాసెసర్‌కి వెళ్లే వోల్టేజీ ఇంకొంచెం తగ్గించు. పని అంతే చేస్తుంది, వేడెక్కదు, ఫ్యానూ ఊరుకుంటుంది,” అన్నాడు ఫోన్లో స్నేహితుడు.

అల్లుడు ఇంకో పది మిల్లీవోల్టులు తగ్గించాడు. రెండేళ్లుగా పిండిమరలా హోరెత్తిన లాప్‌టాప్ ఫ్యాను టక్కున నోరు మూసుకుంది. గోడ గడియారానికి చప్పుడుందని అతనికి అప్పుడే తెలిసింది.

అంతలో గుమ్మంలోంచి కేక. “అల్లుడుగారూ! మీరు తెచ్చిన చెవిమిషన్ భేషుగ్గా ఉందండీ! ఇప్పుడన్నీ వినపడుతున్నాయి!”

అల్లుడు ఉలిక్కిపడ్డాడు. మామగారి అరుపులు భరించలేకే మొన్న చుట్టాలందరి ముందూ “మీకు బ్రహ్మచెవుడు” అని విసుక్కుని, ఆ మిషన్ తెచ్చిపెట్టాడు. పెట్టుకున్నా అరుపు తగ్గలేదేం?

బల్లమీద మిషన్ డబ్బా తెరిచే ఉంది. అందులో బ్యాటరీల పొట్లం సీలు కూడా విప్పలేదు.

“బ్యాటరీయే వెయ్యలేదా?” అని తనలో తను గొణుక్కున్నాడు.

“అయ్యో, మరిచేపోయానండీ,” అన్నారు గుమ్మంలోంచి మామగారు. అని, నాలుక్కరుచుకున్నారు.

అల్లుడు కుర్చీలోంచి ఆయనవైపు తిరిగాడు. “మరి నాతో అలా అరుస్తారెందుకు మామయ్యా?”

ఆయన దగ్గరికొచ్చి కూర్చున్నారు. “ఆ హోరులో మెల్లగా అంటే మీకు వినపడేది కాదు బాబూ. ఆ సంగతి చెబితే నలుగురిలో మీరు చిన్నబోతారని ఊరుకున్నా. చెవిలో ఓ ముక్క పెట్టుకుంటే నా సొమ్మేం పోయింది?”

ఆ మాటలు ఆయన దాదాపు గుసగుసగా అన్నారు. తల దించుకున్న అల్లుడికి ఒక్కటీ పొల్లుపోకుండా వినపడ్డాయి.