కప్పమ్మ పెంచిన పూసల తీగ

ఒక ఇంట్లో నీళ్ల కుండ చాటున కాపురముండే కప్పమ్మకు కిటికీ గట్టు మీది పూసల తీగంటే ప్రాణం. గుండ్రటి ఆకులు పచ్చపూసలు గుచ్చినట్టు తొట్టిలోంచి కిందికి జారుతుంటే చూసి మురిసిపోయేది. తన ఒళ్లు పొడిబారినప్పుడల్లా తీగకూ దాహం వేసి ఉంటుందనుకుని, నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి పోసేది. కొన్నాళ్లకు పూసలు మెత్తబడి రాలడం మొదలైంది. కప్పమ్మ కంగారుపడి ఇంకాస్త పోసింది.

గోడ మీది బల్లి ఉండబట్టలేక, "వదినా, మట్టి తాకి చూశావా?" అంది.

"ఎండు గోడ పట్టుకుని బతికేదానివి, దాహం సంగతి నీకేం తెలుసు?" అని కసిరింది కప్పమ్మ.

అప్పుడు తీగే నీరసంగా నోరు విప్పింది. "దాహం నీది పిన్నీ. నీళ్లేమో నాకు పోస్తున్నావు."

కప్పమ్మ మట్టిలో వేలు పెట్టి చూసింది. అంతా బురద.

ఆ రోజు నుంచి పొద్దున్నే పుక్కిట నీళ్లతో వచ్చి ముందు మట్టి తాకేది. తడి తగిలితే ఆ నీళ్లు తనే మింగి దిగిపోయేది.

వానాకాలానికి తీగ కుండ అంచుదాకా దిగింది. "ఏం పోసి పెంచావొదినా?" అని అడిగింది బల్లి.

"పోసింది తక్కువే," అంది కప్పమ్మ. "మింగింది ఎక్కువ."