రోజూ ఉండేదే

ఇంట్లో జరిగేదంతా ఇంటి గోడే రాసుకునే రోజులవి. కుళాయి కారినా, పిల్లి దూకినా ఓ వరుస పడిపోతుంది. తేడా ఉంటే ఎర్రదీపం వెలుగుతుంది. ఆ రాత జోరుగా సాగాలంటే మామూలు సంగతులు వదిలెయ్యాలి. ఏది మామూలో తేల్చడమే నాగరత్నం ఉద్యోగం. రోజూ జరిగేదేదైనా మామూలేనని సూత్రం పెట్టింది ఆమే.

ఓ మధ్యాహ్నం పెందలాడే ఇంటికొస్తే, వంటింట్లో అత్తగారు వరహాలమ్మ ఏడుస్తోంది. గోడ మీద దీపం వెలగలేదు.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"మీ మావయ్య పోయిన కాణ్ణించీ. రోజూ ఉండేదేలే అమ్మా."

నాగరత్నానికి ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలని మాత్రం తెలుసు. మర్నాడు సెలవు పెట్టి, ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. కబుర్లలో పడి ఆవిడ ఏడవడం మరిచిపోయింది.

గోడ మీద ఎర్రదీపం వెలిగింది. కింద ఒకే వరుస: 'రోజూ వినిపించే ఏడుపు ఈ పూట లేదు.'

"ఏం పాడైందే?" గదిలోంచి భర్త కేకేశాడు.

వరహాలమ్మ కంగారుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. దీపం ఆరిపోయింది.

"ఏం లేదండీ," అంది నాగరత్నం, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ.