రెండో సాక్షి

"కారు పరీక్ష ఇవాళే కదమ్మా?"

గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన్ని చూసి, మ్యూజియం వాళ్ళ మనిషి కాబోలనుకుంది పళ్ళ డాక్టరు భార్య.

"ఇవాళేనండీ. మీ సారు ఇందాకే వచ్చారు. వెనక షెడ్డులో ఉన్నారు, వెళ్ళండి."

ముసలాయన షెడ్డులోకి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే టార్చి అందుకుని పట్టుకున్నాడు.

మ్యూజియం ఇన్‌స్పెక్టరేమో ఆయన్ని ఆ ఇంటి మనిషనుకున్నాడు.

అలా ఆయన ఎవరని ఎవరూ అడగలేదు. రెండిళ్ళ చుట్టాన్ని ఎవరడుగుతారు?

కారుకి యాభై ఏళ్ళు. ఇంజను కంపెనీలో బిగించిందే అయితే మ్యూజియంలో పెడతారు. ఫలానా రోజు పరీక్ష అని పేపర్లో కూడా వేశారు. ఇంజను అసలుది కాకపోతే మాత్రం కారు సాయంత్రానికల్లా పాత ఇనుము కొట్టుకి పోతుంది. ఇల్లు అమ్మేశారు, షెడ్డు ఖాళీ చెయ్యాలి.

"నాకు ఆశేమీ లేదండీ," అన్నాడు డాక్టరు. "పన్నయితే నోరు తెరవగానే అసలుదో పెట్టుడుదో చెప్పేస్తాను. దీని సంగతి మా నాన్న ఎప్పుడో చెప్పేశారు. ఇంజను మార్చేశారట."

"ఎవరు?"

"అప్పటి డ్రైవరు. నాకప్పుడు రెండేళ్ళు. రిపేరని తీసుకెళ్ళి నాలుగు రోజులు వర్క్‌షాపులో వదిలేశాడట. తర్వాత నాన్న బానెట్ ఎత్తి చూస్తే కారు ఆర్‌సీ పుస్తకంలో నంబరొకటి, ఇంజను మీద నంబరొకటి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం. ఆ రోజే పంపించేశారు."

టార్చి వెలుగు కదిలింది.

"సరిగ్గా పట్టుకోండి పెద్దాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పట్టుకున్నాను బాబూ."

"డాక్టరుగారూ, మీ నాన్నగారు చూసింది ఏ నంబరు?"

ఇంజను పక్కన ఉబ్బెత్తుగా ఉన్న పెద్ద అంకెలు చూపించాడు డాక్టరు.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు గానీ నవ్వినంత పని చేశాడు.

"ఇది అచ్చు నంబరండీ. ఇనుము కరిగించి పోసిన అచ్చుది. అందులో పోసిన ప్రతి ఇంజనుకీ ఇదే ఉంటుంది. అసలు నంబరు విడిగా కొడతారు."

"ఎక్కడ?"

"ఈ మురికి కిందే ఎక్కడో."

కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. జిడ్డు పోయి రంగు బయటపడింది. రంగు గీకితే అరచేతిలో సగమంత చదును, దాని మీద చిన్న చిన్న అంకెలు.

"పుస్తకంలోది చదవండి."

డాక్టరు ఒక్కో అంకే చదివాడు. ఇన్‌స్పెక్టరు వేలు ఒక్కో అంకె మీదా జరిగింది. ముసలాయన టార్చి ఇంకా దగ్గరికి తెచ్చాడు. కారు గలాయన కంటే ఆయనకే ఆత్రం ఎక్కువగా ఉన్నట్టుంది.

"సరిపోయింది."

"తర్వాత కొట్టించింది కాదు కదా?"

"దొంగ నంబరు కొట్టాలంటే పాతది అరగదియ్యాలి. కంపెనీలో మర చెక్కిన గీతలు ఇంకా అలాగే ఉన్నాయి, చూడండి. ఈ ఇంజను మొదటి రోజు నుంచీ ఈ కారుదే."

డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. అసలుదేనట అని భార్యని కేకేశాడు.

ముసలాయన పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయాడు.

"బాబూ, అంటే ఆ వర్క్‌షాపులో కూడా ఎవరూ మార్చలేదా?"

"లేదు."

"నాలుగు రోజులు అక్కడే ఉంది కదా. కాపలాకి కూడా ఎవరూ లేరు."

"నాలుగు నెలలున్నా అంతే తాతగారూ. మారలేదు."

ఇంకోసారి చెప్పమన్నాడాయన. ఇన్‌స్పెక్టరు విసుక్కోకుండా ఇంకోసారి చెప్పాడు.

"కాగితం మీద కూడా రాస్తారా?"

"రాస్తాను. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి."

డాక్టరు భార్య ఒక సంతకం పెట్టి టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. రెండోది ముసలాయన పెట్టాడు. చాలాసేపు రాశాడు. తర్వాత టార్చి ఆర్పి, జాగ్రత్తగా బానెట్ మీద పెట్టి బయటికి నడిచాడు.

టీ వచ్చింది.

"మరి పాపం ఆ డ్రైవరు సంగతేమిటండీ?" అంది ఆమె.

డాక్టరు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఉన్నాడో లేడో. ఉంటే చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి," అని, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "మీ మనిషి టీ తాగకుండానే వెళ్ళిపోయినట్టున్నాడే?"

"నా మనిషా? మీ ఇంటి మనిషి కాదా?"

డాక్టరు గేటు దాకా పరిగెత్తాడు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఖాళీగా ఉంది.

తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు కాగితం ముందుకి జరిపాడు.

రెండో సాక్షి సంతకం పక్కన, 'వాహనంతో సంబంధం' అన్న గడిలో, ఒకటికి రెండుసార్లు దిద్దిన అక్షరాలతో ఇలా ఉంది: 'ఈ కారు డ్రైవర్ని.'